గెడ్డ, చెరువు, నుయ్యి, బోరింగు: ఊరి నీటిని ఏడాది పాటు పరీక్షించే పద్ధతి

ఒడిశా, ఆంధ్ర సరిహద్దున పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల చాలా ఊళ్లలో నాలుగు రకాల నీళ్లు కూతవేటు దూరంలో ఉంటాయి. కొండ మీంచి దిగే గెడ్డ, ఊరి మొదట్లో చెరువు, పెరట్లో నుయ్యి, బడి దగ్గర బోరింగు. నాలుగింటినీ ఒకే రకం సీసాలో పట్టి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) చూపే పెన్ను ముంచి, వచ్చిన అంకెలు కాగితం మీద రాసేస్తే పరీక్ష అయిపోయినట్టు కాదు. అసలు తప్పులు చాలావరకు ల్యాబుకు చేరకముందే, నీళ్లు పట్టేచోటే జరిగిపోతాయి. అందుకే కింద మీటర్ల గురించి కొంచెం తక్కువగా, నీళ్లు పట్టడం గురించి ఎక్కువగా ఉంటుంది.

చోట్లు, నెలలు

చిన్న ఊరికి ఎనిమిది చోట్లు చాలు. గెడ్డ మీద రెండు, చెరువులో ఒకటి, నూతులు మూడు, బోరింగులు రెండు. గెడ్డ మీద మొదటిది ఊరికి ఎగువన, రెండోది ఊరి మురుగు కలిశాక దిగువన ఉండాలి. దిగువ చోటును మురుగు కలిసే మూతి దగ్గరే పెట్టకండి. అక్కడ రెండు నీళ్లూ ఇంకా పూర్తిగా కలవవు, ఈ ఒడ్డున ఒక అంకె, ఆ ఒడ్డున ఇంకో అంకె వస్తుంది. ఈసీ మీటరు (నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూపేది) పట్టుకుని గెడ్డకు అడ్డంగా మూడు చోట్ల చూస్తూ దిగువకు నడవండి. మూడూ దాదాపు ఒకటైన చోటే మీ రెండో చోటు. నూతుల్లో ఒకటి పశువుల శాలకో మరుగుదొడ్డి గుంతకో దగ్గరగా, ఒకటి ఊరి మధ్య, ఒకటి దూరంగా పొలంలో ఉండేలా చూసుకోండి.

నూతి నీరు, బోరింగు నీరు కలిపి సగటు తీయడం ఇక్కడ కుదరదు. ఈ తూర్పు కనుమల్లో రాయి ఎక్కువగా ఖోండలైటు, చార్నొకైటు, గ్రానైట్ నైస్. నుయ్యి పైన మెత్తబడ్డ పొరలోంచి నీళ్లు తీసుకుంటుంది. బోరు కింద గట్టిరాతి పగుళ్లలోంచి తీసుకుంటుంది. పది అడుగుల దూరంలో ఉన్నా రెండూ వేర్వేరు నీళ్లే కావచ్చు.

ప్రతి చోటుకూ ఒక సంఖ్య ఇచ్చి, ఫోనులో చూసి అక్షాంశ రేఖాంశాలు ఐదు దశాంశాల వరకు రాసుకోండి. ఈ సరిహద్దులో ఇది తప్పనిసరి. మనం పర్లాకిమిడి అనేదాన్ని ఒడియాలో పారళాఖెముండి అని రాస్తారు, చిన్న ఊళ్ల పేర్లయితే మరీ మారిపోతాయి. పేరు మాత్రమే రాసిన సీసాకు ల్యాబు రిపోర్టులో ఏ ఊరు పడుతుందో చెప్పలేం.

కేంద్ర భూగర్భ జలమండలి తన పరిశీలక నూతుల్లో ఏడాదికి నాలుగుసార్లు నీటిమట్టం కొలుస్తుంది: జనవరి, ఎండాకాలం, ఆగస్టు, నవంబరు. మీరూ అవే నెలలు పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు. గెడ్డకు మాత్రం ఐదోసారి కూడా ఉండాలి. జూన్‌లో తొలి పెద్ద వాన పడ్డ రోజున, ఎండాకాలమంతా పేరుకున్న పెంట, బూడిద, ఎరువు ఒక్క ఊపున గెడ్డలోకి దిగుతాయి. తుఫాను వరద వస్తే ఆ నమూనాలు వేరే పేజీలో రాయండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాను వరదలు ముంచెత్తాయి. అలా వరద దూరిన నూతి అంకెలను మామూలు నవంబరు అంకెల్లో కలిపితే లెక్కంతా చెడిపోతుంది.

మీటర్లు

టీడీఎస్ పెన్ను నిజానికి టీడీఎస్ కొలవదు. నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో, అంటే ఈసీని కొలిచి, దాన్ని 0.5తోనో 0.7తోనో గుణించి చూపిస్తుంది. ఈసీ 820 ఉన్న నీటికి ఒక పెన్ను 410 అంటుంది, ఇంకోటి 574 అంటుంది. రెండూ పాడైనవి కావు. కాబట్టి ఈసీ చూపించే మీటరే కొనండి, రిజిస్టరులో ఈసీనే రాయండి. ఉష్ణోగ్రతను తనే సరిచేసుకునే రకమైతే మంచిది. లేకపోతే నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ఈసీ దాదాపు 2 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. జనవరికీ మేకీ మధ్య పది డిగ్రీల తేడా ఉంటే, నీరు ఏమీ మారకపోయినా 20 శాతం మారినట్టు వస్తుంది.

ఈసీ సరిచూసే ద్రావణం ఇంట్లోనే చేసుకోవచ్చు. పొటాషియం క్లోరైడును 105 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఆరబెట్టి, చల్లారాక 0.7456 గ్రాములు తూచి, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి సరిగ్గా ఒక లీటరు చేయాలి. 25 డిగ్రీల దగ్గర అది సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ (ఈసీ అంకెలన్నీ ఈ ప్రమాణంలోనే) చూపాలి. బంకులో కొన్న బ్యాటరీ వాటర్ వాడితే ముందు దాని ఈసీ చూడండి. 5 దాటితే పక్కన పెట్టేయండి.

పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) మీటరును సరిచూడటానికి 7, 4, 9.2 బఫర్ మాత్రలు (కరిగిస్తే ఆ పీహెచ్ ఇచ్చేవి) దొరుకుతాయి, ఒక్కోటి 100 మిల్లీలీటర్లలో కరిగించాలి. బయల్దేరిన రోజు పొద్దున ఒకసారి సరిచేసి, సాయంత్రం తిరిగొచ్చాక 7 బఫర్‌లో మళ్లీ చూడండి. 0.1 కంటే ఎక్కువ జరిగి ఉంటే ఆ రోజు పీహెచ్ అంకెల పక్కన గుర్తు పెట్టండి. మీటరు కొనన ఉండే గాజు బుడ్డిని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఉంచడం చాలామంది చేసే పొరపాటు. దాంతో అది త్వరగా చచ్చుబడుతుంది. మూత లోపల పొటాషియం క్లోరైడు గాఢ ద్రావణం పోసి ఉంచాలి.

నుయ్యి

ముందు నీటిమట్టం, తర్వాతే నీళ్లు. తెల్లవారుజామున, ఇంకా ఎవరూ తోడకముందు కొలవాలి. నూతి గట్టు మీద ఒకచోట రంగుతో గీత పెట్టి, ఎప్పుడూ అక్కడినుంచే కొలవండి. స్టీలు టేపు చివరి మీటరుకు సుద్దముక్క రుద్ది దించండి. నీళ్లు తగిలినంత మేర సుద్ద నల్లబడుతుంది. గీత దగ్గర 9.00 మీటర్లు పట్టుకుంటే, తడి 0.62 దాకా ఉందనుకోండి. అంటే నీరు గీతకు 8.38 మీటర్ల కింద ఉంది. గట్టు ఎత్తు 0.75 తీసేస్తే నేలమట్టానికి 7.63. గట్టు ఎత్తు తీయడం మరిచిపోతే, ఎవరైనా గట్టు కొత్తగా కట్టించిన ఏడాది నీటిమట్టం ఉన్నట్టుండి పడిపోయినట్టు కనిపిస్తుంది.

నమూనాకు రోజూ వాడే చేదనే వాడండి, కానీ మూడు చేదల నీళ్లు తోడి పారబోశాక నాలుగోది తీసుకోండి. పారబోసేది గట్టుకు దూరంగా పోయాలి, తిరిగి నూతిలోకి కారకూడదు. తోడకుండా వదిలేసిన పాడు నూతి నీరు భూగర్భ జలం గురించి ఏమీ చెప్పదు, అదొక చిన్న చెరువు కిందే లెక్క.

బోరింగు, అందులో ఇనుము

గొట్టంలో నిలిచిన నీళ్లు పోయి, రాతి పగుళ్లలోంచి కొత్త నీరు వచ్చేదాకా కొట్టాలి. పుస్తకాల ప్రకారం బోరులో ఉన్న నీటికి మూడింతలు తోడాలి. ఆరంగుళాల బోరులో మీటరుకు దాదాపు 18 లీటర్లు ఉంటాయి. 30 మీటర్ల నీరుంటే 540 లీటర్లు, మూడింతలంటే 1600 లీటర్ల పైనే. చేతిపంపు నిమిషానికి పన్నెండు లీటర్లు పోస్తుంది, అంటే రెండు గంటల పైగా కొట్టాలి. ఎవరూ కొట్టరు. దానికి బదులు ఈసీ చూస్తూ కొట్టండి. రెండేసి నిమిషాలకోసారి చూసిన మూడు అంకెలు 3 శాతం లోపు తేడాతో వస్తే నమూనా పట్టొచ్చు. జనం నీళ్లు మోసుకుంటున్న సమయానికి వెళితే సగం పని వాళ్లే చేసి పెడతారు.

ఈ ప్రాంతంలో బోరింగు నీటి మీద ఎక్కువగా వచ్చే ఫిర్యాదు తుప్పు. గాజు గ్లాసులో పట్టినప్పుడు తేటగానే ఉంటుంది. ఓ అరగంట అరుగు మీద పెట్టి చూడండి. ముందు పైపొర మీద నూనె చుక్క పరుచుకున్నట్టు సన్నటి మెరుపు, తర్వాత పచ్చదనం, ఆఖరికి అడుగున ఇటుకపొడి లాంటి మడ్డి. టీ పెడితే నల్లగా వస్తుంది, అన్నం పసుపు తేలుతుంది. కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పుగా మారడమే ఇదంతా. పరీక్షకు దీనివల్లే చిక్కు. సీసాలో పట్టి మర్నాడు పైతేట తీసి చూస్తే ఇనుము లేదనే వస్తుంది, ఉన్నదంతా అడుగున కూర్చుంది కాబట్టి. ఇనుము కిట్‌తో చూసేటట్టయితే బోరింగు పక్కనే, పట్టిన ఐదు నిమిషాల్లో చూడాలి. ల్యాబుకు పంపేదైతే లీటరుకు 1.5 మిల్లీలీటర్ల గాఢ నైట్రిక్ ఆమ్లం అక్కడికక్కడే కలపాలి, అందుకు వేరే సీసా పెట్టాలి.

ఇనుము రాతిలోంచి వస్తోందా, పంపు గొట్టం తుప్పులోంచి వస్తోందా? దీనికి రెండు సీసాలు చాలు. తెల్లారి మొట్టమొదట కొట్టిన నీరు ఒకటి, పది నిమిషాలు కొట్టాక ఒకటి. మొదటిదాంట్లో ఎక్కువుండి రెండోదాంట్లో బాగా తగ్గిపోతే తప్పు గొట్టానిది, జీఐ (జింకు పూత ఇనుప) పైపులు మారిస్తే సరిపోతుంది. పీహెచ్ 6.5 కంటే తక్కువున్న నీరు ఈ పైపుల్ని తినేస్తుంది. రెండింట్లోనూ ఒకేలా ఉంటే ఇనుము రాతిదే. అప్పుడు పైపులు మార్చినా డబ్బు దండగ, ఇనుము తీసే ఫిల్టరు కావాలి. పైపులు మార్చమని అర్జీ పెట్టేముందు ఈ రెండు సీసాల పరీక్ష చేయించండి.

గెడ్డ

గెడ్డలో నీటి నాణ్యత ఒక్కటే రాస్తే సగం కథే. ఎంత నీరు పారుతోందో కూడా రాయాలి. వంశధారకైతే కాశీనగరం దగ్గర కేంద్ర జలసంఘం కొలతలు ఉన్నాయి, మీ ఊరి గెడ్డకు మీరే దిక్కు. తిన్నగా పారే పది మీటర్ల ముక్క చూసుకుని రెండు చివర్లా తాళ్లు కట్టండి. బత్తాయి పండు వదిలి రెండో తాడు దాటేదాకా సెకన్లు లెక్కపెట్టండి. బత్తాయి ముప్పాతిక వంతు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు. మధ్యలోనూ పక్కల్లోనూ ఐదుసార్లు వదిలి సగటు తీయండి. 25 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.4 మీటర్లు. అడుగున నీరు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి 0.85తో గుణిస్తే 0.34. వెడల్పు 4 మీటర్లు, అరమీటరుకోసారి కొలిచిన లోతుల సగటు 0.3 అయితే అడ్డుకోత 1.2 చదరపు మీటర్లు. ప్రవాహం సెకనుకు 0.408 ఘనపు మీటర్లు, అంటే 408 లీటర్లు.

ఇది ఎందుకంటే, జనవరిలో నైట్రేట్ లీటరుకు 10 మి.గ్రా. ఉంటే పై ప్రవాహంలో రోజుకు 352 కిలోల నైట్రేట్ కొట్టుకుపోతోంది. ఆగస్టులో అది 6కు తగ్గిందని సంబరపడేలోపు ప్రవాహం మూడింతలైందని గుర్తొస్తే, నిజానికి రోజుకు 634 కిలోలు పోతోంది. పొలాల్లోంచి ఎంత ఎరువు దిగుతోందో చెప్పేది ఈ రెండో అంకె. వంశధారలో ఏ రాష్ట్రానికి ఎంత నీరన్నది ట్రిబ్యునల్ దాకా వెళ్లి 2017లో తీర్పు వచ్చింది. నీటితో పాటు దిగువకు పోయే ఎరువు లెక్క మాత్రం గెడ్డ గెడ్డకూ ఇలా బత్తాయితో మొదలుపెట్టాల్సిందే.

నీళ్లు పట్టేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా నిలబడి, మీ కాళ్లు రేపిన బురద వెనక్కి పోయేలా, సీసాను పై మట్టం నుంచి జానెడు లోపలికి ముంచి నింపండి. వరద పారుతున్నప్పుడు దిగొద్దు. వంతెన మీంచి బక్కెటు దించండి.

చెరువు

తెప్ప మీదనో పడవ మీదనో మధ్యకు వెళ్లి చూడాలి. గట్టున పట్టిన నీళ్లు బట్టలుతికిన నీళ్లే. తేటదనం కొలవడానికి సెక్కీ బిళ్ల చాలు. 20 సెంటీమీటర్ల గుండ్రటి ఇనుపరేకును నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఒకే రంగు వచ్చేలా రెండు తెలుపు, రెండు నలుపు వేయండి. అడుగున కిలో బరువు, పైన సాగని తాడు, తాడు మీద పది సెంటీమీటర్లకో ముడి. పది గంటల నుంచి మూడింటి లోపు, పడవ నీడ పడే వైపు దించి, కనపడకుండా పోయిన లోతు, పైకి లాగితే మళ్లీ కనపడిన లోతు సగటు తీయండి. చెరువులో నాచు ఎంత పెరిగిందో అంచనా వేయడానికి కార్ల్‌సన్ 1977లో ఇచ్చిన సూచిక ప్రకారం 2 మీటర్లకు 50, 1 మీటరుకు 60, అర మీటరుకు 70. 70 దగ్గరికొచ్చిందంటే చెరువు నాచుతో పచ్చబడి ఉంటుంది. వానల తర్వాత ఎర్రమట్టి కలిసిన నీటికి ఈ సూచిక వాడకండి, అక్కడ అడ్డుపడేది నాచు కాదు, మట్టి.

కరిగిన ఆక్సిజన్‌కు 1888 నాటి వింక్లర్ పద్ధతే ఇప్పటికీ చవక, నమ్మకం. 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను (బిగుతైన బిరడా ఉన్న గాజు సీసా) బుడగ లేకుండా నింపండి. పిపెట్టు కొన నీటిలో ముంచి 2 మిల్లీలీటర్ల మాంగనీస్ సల్ఫేట్, 2 మిల్లీలీటర్ల ఆల్కలీ అయోడైడ్ అజైడ్ వేసి, బిరడా పెట్టి తిరగేసి మరగేసి కలపండి. గోధుమరంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. మడ్డి సగానికి దిగాక 2 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జాగ్రత్తగా వేసి కరిగించండి. ఇక్కడిదాకా చెరువు దగ్గరే చేయాలి, మిగతాది కొన్ని గంటల్లో ఇంటి దగ్గర చేయొచ్చు. 203 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేసి (అంటే కొలుస్తూ చుక్కచుక్కగా కలిపి), ఎండుగడ్డి రంగుకు వచ్చాక గంజి చుక్కలు వేసి, నీలం పోయేదాకా కొనసాగించండి. ఎన్ని మిల్లీలీటర్లు పడితే లీటరుకు అన్ని మి.గ్రా. ఆక్సిజన్.

వేళ రాయకపోతే ఈ అంకెకు విలువ లేదు. నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం ఎండకు ఆక్సిజన్ పొంగుతుంది, తెల్లవారేసరికి అడుగంటుతుంది. 30 డిగ్రీల మంచినీటిలో మామూలుగా పట్టేది 7.6 దాకా. మధ్యాహ్నం 11, తెల్లారి 2 వస్తే చేపలు ఎందుకు పొద్దునే నోళ్లు తెరిచి పైకి తేలుతున్నాయో అర్థమైపోతుంది. చెరువుకు ఎప్పుడూ రెండు వేళలా చూడండి.

మలకాలుష్యం

హెచ్2ఎస్ సీసాలో (మలంలోని బ్యాక్టీరియా ఉంటే నల్లబడే మందు ఉన్న పరీక్ష సీసా) గీత దాకా నీళ్లు పోసి 24 నుంచి 48 గంటలు ఉంచితే నల్లబడటం ప్రమాద సూచన. దీనికి 30 నుంచి 37 డిగ్రీల వేడి కావాలి. జనవరిలో కొండ ఊళ్లలో అరుగు మీద పెడితే నల్లబడదు, నీళ్లు బాగున్నాయనుకుంటారు. బట్టచుట్టి పొయ్యికి దరిదాపుల్లో, వేడి తగిలీ తగలనట్టు పెట్టండి. కుళ్లిన గుడ్డు వాసన వేసే బోరు నీటికి ఈ పరీక్ష నమ్మొద్దు, మలం లేకపోయినా నల్లబడుతుంది.

ల్యాబుకు పంపేవి

ఒక్కో చోటుకు మూడు సీసాలు. మామూలు రసాయనాలకు లీటరు ప్లాస్టిక్ సీసా, అదే నీటితో మూడుసార్లు కడిగి అంచుదాకా నింపినది. ఇనుముకు ఆమ్లం వేసినది. బ్యాక్టీరియాకు ల్యాబువాళ్లిచ్చిన స్టెరిలైజ్ చేసిన సీసా, ఇది కడగకూడదు, నిండా పోయకూడదు. ఐసు పెట్టెలో బ్యాక్టీరియా సీసా ఆరు గంటల్లో చేరడం మంచిది, ఎంత ఆలస్యమైనా 24 గంటలు దాటకూడదు. ఫ్లోరైడుకు గాజు సీసా వద్దు. చీటీ మూత మీద కాకుండా సీసా ఒంటి మీద అంటించి పైన టేపు వేయండి, ల్యాబులో మూతలు మారిపోతాయి. ఎనిమిది చోట్లకు తోడు ఇంకో రెండు సీసాలు: ఏదో ఒక చోటి నీరే వేరే సంఖ్యతో, మరోదాంట్లో డిస్టిల్డ్ వాటర్. ఈ రెండూ ఏవో ల్యాబుకు చెప్పకండి.

రిపోర్టు వచ్చాక ముందు ఆ రెండు చూడండి: వేరే సంఖ్యతో పంపిన నీటి అంకెలు అసలుదానితో కలవాలి, డిస్టిల్డ్ వాటర్‌లో దాదాపు ఏమీ ఉండకూడదు. తర్వాత అయాన్ల తూకం, అంటే నీటిలో కరిగిన ధన, ఋణ విద్యుదావేశాలు సమానంగా ఉన్నాయో లేదో చూడటం. అంకెలు లీటరుకు మి.గ్రా.లలో తీసుకోండి. కాల్షియంను 20తో, మెగ్నీషియంను 12.15తో, సోడియంను 23తో, పొటాషియంను 39తో భాగించి కూడండి. అటువైపు బైకార్బనేటును 61తో, క్లోరైడును 35.5తో, సల్ఫేటును 48తో, నైట్రేటును 62తో. ఉదాహరణకు కాల్షియం 64, మెగ్నీషియం 24.3, సోడియం 69, పొటాషియం 3.9 అయితే మొత్తం 8.3. బైకార్బనేట్ 305, క్లోరైడ్ 71, సల్ఫేట్ 48, నైట్రేట్ 12.4 అయితే 8.2. రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే 5 శాతం లోపు ఉండాలి. ఏదో ఒక వైపు మొత్తాన్ని 100తో గుణిస్తే ఈసీకి దగ్గరగా రావాలి, ఇక్కడ 8.2 నుంచి 820. తేడా ప్రతిసారీ సరిగ్గా సున్నా వస్తే సంతోషించకండి. సోడియం కొలవకుండా మిగిలిందంతా సోడియం కింద రాసేశారేమో అడగండి.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) హద్దులు లీటరుకు మి.గ్రా.లలో: ఫ్లోరైడ్ 1, వేరే నీరు లేకపోతే 1.5. కాఠిన్యం 200, లేకపోతే 600. క్లోరైడ్ 250, లేకపోతే 1000. ఇనుము 2015 సవరణ తర్వాత 1. నైట్రేట్ 45, దీనికి సడలింపు లేదు. నైట్రేట్‌తోనే ఒక మోసం ఉంది. కొన్ని కిట్లు, మీటర్లు నైట్రేట్‌ను నైట్రోజన్‌గా చూపిస్తాయి. వాటిలో 12 అని వస్తే 45 లోపే కదా అని వదిలేస్తారు. 4.43తో గుణిస్తే అది 53. నైట్రేట్, క్లోరైడ్ రెండూ కలిసి పెరిగితే ముందు మరుగుదొడ్డి గుంత, పశువుల శాల వైపు చూడండి. నైట్రేట్ ఒక్కటే పెరిగితే యూరియా వైపు.

సరిహద్దు అవతల శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బు భయంతో చాలామంది టీడీఎస్ పెన్ను కొంటున్నారు. అక్కడి జబ్బుకు ఒకే కారణం ఇదని తేలలేదు. మీ బోరు టీడీఎస్ 300 అయినా 900 అయినా ఆ అంకె ఆ జబ్బు గురించి ఏమీ చెప్పదు.

హద్దు దాటిన అంకె వస్తే రిజిస్టరులో కొట్టేయకండి, దిద్దకండి. వారంలోపు అదే చోట జంట సీసాలు పట్టి మళ్లీ పంపండి. రెండోసారీ అదే వస్తే ఆ నీరు తాగడం ఆపి, జిల్లా గ్రామీణ నీటి సరఫరా విభాగానికి రెండు రిపోర్టులూ, చోటు సంఖ్యా, అక్షాంశ రేఖాంశాలూ జతచేసి ఇవ్వండి. ఈలోగా మరిగించి తాగుదామనుకుంటే అది సూక్ష్మజీవులకే పనికొస్తుంది. నైట్రేట్, ఫ్లోరైడ్ మరిగిస్తే పోవు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడతాయి.